రాయబారి ఇల్లు, కంప్యూటరు గది



లంకలో హనుమంతుడు పట్టుబడినప్పుడు రావణుడు అతనిని చంపమన్నాడు. దూతను చంపరాదని విభీషణుడు అడ్డు చెప్పాడు. ఈ కథ మీరు ఇంట్లో పెద్దల నోట విన్నదే. దూతకు హాని చేయరాదన్న ఆ మర్యాద చాలా దేశాలలో పూర్వం నుండీ ఉన్నది. 1961లో వియన్నా నగరంలో వివిధ దేశాల ప్రతినిధులు సమావేశమై, దానిని అధికరణాల వారీగా ఒక ఒప్పందంగా వ్రాసుకున్నారు.

మన రెద్వీలోని విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. ఆమెకు విదేశాంగ శాఖలో చేరాలని కోరిక. అందుచేత ఆ వియన్నా ఒప్పందాన్ని శ్రద్ధగా చదువుతుంది. రాయబార కార్యాలయంలోకి ఆ దేశపు పోలీసులు అనుమతి లేనిదే అడుగు పెట్టరాదని 22వ అధికరణం చెబుతుంది. రాయబారి కార్యాలయపు పత్రాలు ఎప్పుడైనా సరే, ఎక్కడ ఉన్నా సరే, వాటిని ఎవరూ ముట్టరాదని 24వ అధికరణం చెబుతుంది. "ఎక్కడ ఉన్నా సరే" అన్న మాటను గుర్తుంచుకోండి. అది వ్రాసిననాడు పత్రమంటే కాగితమే. ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసే కాగితం.

ఇప్పుడు ఉత్తర ఐరోపాలోని ఎస్టోనియా సంగతి చూద్దాం. అక్కడి జనాభా సుమారు 13 లక్షలు. మన మారిషస్ జనాభా కూడా ఇంచుమించు అంతే. 1940లో ఆ దేశాన్ని సోవియట్ యూనియన్ ఆక్రమించింది. 1991లో గాని తిరిగి స్వాతంత్ర్యం రాలేదు. తరువాత వారు ప్రభుత్వ లెక్కలలో ఎక్కువ భాగం కంప్యూటర్లలోకి ఎక్కించారు. 2007 వసంతకాలంలో ప్రభుత్వం, బ్యాంకులు, పత్రికలు నడిపే కంప్యూటర్ల మీద పెద్ద దాడి జరిగింది. అప్పుడు వారికి పట్టుకున్న దిగులు చిన్నది కాదు. దేశాన్ని మళ్ళీ ఎవరైనా ఆక్రమిస్తే ఏమవుతుంది? ఈ పొలం ఎవరిది, ఈ మనిషి ఏ దేశపు పౌరుడు అని చెప్పే రికార్డు ఎక్కడ మిగులుతుంది?

నకలు ఒకటి పరాయి దేశంలో దాచాలనుకున్నారు. లక్సెంబర్గ్ చోటిస్తానన్నది. ఇంజనీర్ల పని కష్టమే అయినా తెలిసిన పని. చిక్కంతా చట్టంలో వచ్చింది. యంత్రాలు ఉన్న గది రాయబార కార్యాలయమా? అక్కడ రాయబారి లేడు, గుమాస్తా లేడు, జెండా ఎగురవేసే పనీ లేదు. లక్సెంబర్గ్ కోర్టు ఒకటి ఆ యంత్రాన్ని జప్తు చేయమంటే ఏమి చెప్పాలి? 1961 నాటి ఒప్పందం ఒక్కటే ఇందుకు చాలదని తేలింది. అందుకని 2017లో రెండు దేశాలూ విడిగా ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఎస్టోనియా అనుమతి లేనిదే ఆ గదిలోకి ఎవరూ వెళ్ళరాదు, సోదా చేయరాదు, జప్తు చేయరాదు. మాటలు కొత్తవేమీ కావు. పాత అధికరణాల మాటలే, కొత్త గది గుమ్మానికి కట్టారు.

మనం ఊహించుకున్న అమ్మాయి ఇది చదివిందంటే దారి మళ్ళుతుంది. దౌత్యం నేర్చుకోవడానికి వెళ్ళినది కంప్యూటరు గది ముందు నిలబడుతుంది. ఇంజనీరుకు యంత్రం ఎలా నడుస్తుందో తెలుసు. కోర్టు అమీను వచ్చి తలుపు తడితే ఏ కాగితం చూపాలో తెలియదు. ఆ కాగితం వ్రాయడమే ఈమె పని. దానికి యంత్రం సంగతి కూడా కొంత తెలియాలి సుమా! తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో తెలియకుండా తాళం గురించి చట్టం వ్రాయలేరు. న్యాయశాస్త్రం వారు కంప్యూటరంటే జంకడం నాకు నచ్చదు.

అదే 2017లో డెన్మార్క్ పెద్ద కంప్యూటరు సంస్థలతో మాట్లాడడానికే ప్రత్యేకంగా ఒక రాయబారిని నియమించింది. దేశానికి కాదు, సంస్థలకు రాయబారి!

మన దేశమూ ఊరకే లేదు. పౌరుల సమాచార రక్షణకు 2004లో ఒక చట్టం చేసింది, 2017లో దాని స్థానంలో కొత్తది తెచ్చింది. కంప్యూటరు నేరాలపై ఏర్పడిన బుడాపెస్ట్ ఒప్పందంలో 2013లో చేరింది. ఇటువంటి ప్రతి ఒప్పందం వెనుకా ఏ మాట ఉంచాలి, ఏ మాట తీసివేయాలి అని రాత్రింబగళ్ళు వాదించిన న్యాయవాదులు ఉంటారు.

ఈ వారం ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడగండి: మన ఇంటి దస్తావేజు ఎక్కడ దాచారు? తుపాను వచ్చినప్పుడు దానిని ఏమి చేస్తారు? వారు చెప్పినది చెప్పినట్లు తెలుగులో పది వాక్యాలు వ్రాసి తీసుకురండి.