మారిషస్ వెళ్తున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి,

మీ క్లాసు వాళ్ళంతా మూడు వారాలు మారిషస్ వెళ్తున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. అక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళలో ఉండి పాటలు, మాటలు రికార్డు చేసుకొస్తారట కదా. చాలా సంతోషమేసింది. వెంటనే ఒక పాత సంగతి గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. అది చెప్పాలనే ఈ ఉత్తరం.

1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. నేనూ వెళ్ళాను. ఒక సాయంత్రం ఒకరింట్లో రామభజనకి పిలిచారు. డెబ్బై దాటిన పెద్దావిడ ఒకామె నా పక్కనే కూర్చుని పాడుతోంది. చేతిలో నాలుగు మడతల కాగితం. పాట తెలుగే, రాసుకున్నది ఇంగ్లీషు అక్షరాల్లో. మడతలు పడ్డచోట సిరా చెరిగిపోయింది. అప్పటికి నేను పదేళ్ళుగా బళ్ళో తెలుగు చెప్తున్నవాణ్ణి. ఒత్తు పలకలేదని, దీర్ఘం తప్పిందని, "అలా కాదమ్మా, ఇలా" అంటూ మూడుసార్లు సరిదిద్దాను. నాలుగోసారి ఆవిడ పాట ఆపి, కాగితం మడిచి కొంగులో ముడేసుకుంది. ఆ తర్వాత తెలుగు ముక్క మాట్లాడలేదు. ఏం అడిగినా అక్కడి క్రియోల్ భాషలోనే జవాబు. వాళ్ళమ్మమ్మ దగ్గర నేర్చిన పాటలు ఆవిడ దగ్గర ఇంకెన్ని ఉన్నాయో, ఒక్కటీ వినకుండా వచ్చేశాను. ముప్పై ఏళ్ళు దాటినా ఆ కొంగు ముడి నా కళ్ళ ముందే ఉంది.

అందుకే చెప్తున్నాను, మన తెలుగు వాళ్ళ దగ్గర ఎంత మిగిలిందో కొలవడానికి వెళ్ళకు. 1830లలో మన కోరంగి రేవులో ఓడెక్కిన కూలీలు చెరకు తోటల్లో వెన్ను విరిగేలా పనిచేస్తూ ఆ పాటల్ని నోటితోనే పిల్లలకి అందించారు. ఈనాటికీ ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ చేసుకుంటారు. వాళ్ళు ఎలా పలికితే అలాగే రాసుకో. ఎందుకలా పలుకుతారో అడుగు. అర్థం తెలియదంటే నువ్వే అందుకుని చెప్పెయ్యకు, ఆ పాట ఎప్పుడు పాడతారో, ఎవరు నేర్పారో చెప్పమను.

పోర్ట్ లూయీలో కూలీలు ఓడ దిగిన ఆప్రవాసి ఘాట్‌కి ఎలాగూ తీసుకెళ్తారు. 1834 నుంచి దాదాపు నాలుగున్నర లక్షల మంది కూలీలు మారిషస్‌కి వచ్చారు. ఓడ దిగి వాళ్ళెక్కిన 16 మెట్లు ఆ ఘాట్‌లో ఇంకా ఉన్నాయి. ఆ కూలీల రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. ఏ ఓడలో వచ్చారో, నంబరెంతో వాటిలో దొరుకుతుంది. పేర్లు మాత్రం గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఎక్కాయి. నువ్వున్న ఇంటివాళ్ళు అలాంటి కాగితం తెచ్చి, "ఈ ఊరు మీకు తెలుసా?" అని అడగొచ్చు. తెలియకపోతే అక్షరం పొల్లుపోకుండా రాసుకురా, ఇద్దరం కలిసి వెతుకుదాం. కనుక్కుంటానని మాటిచ్చావా, ఇక కనుక్కునేదాకా వదలకూడదు. మన మొహమాటపు మాట కోసం వాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తారు.

ఇంకొకటి. మనవాళ్ళు కలిసిన పది నిమిషాల్లో "మీరేవుట్లు?" అని కులం అడుగుతారు. ఆ ప్రశ్న నీ నోట రాకూడదు. నీ స్నేహితులు అడగబోయినా ఆపు.

తెలుగిళ్ళ గడప దాటకుండా మూడు వారాలూ గడిపెయ్యకు. పక్కింటి క్రియోల్ వాళ్ళ తాతముత్తాతలు అవే తోటల్లో బానిసలుగా పనిచేశారు. 1835లో బానిసత్వం రద్దయింది. తోటలకి మనుషులు కావాలనే మనవాళ్ళని ఓడలెక్కించారు. పారిపోయిన బానిసలు తలదాచుకున్న లె మోర్న్ కొండ చూడు, రవాన్ డప్పు వాయిస్తూ సెగా పాటలు పాడేవాళ్ళ దగ్గర కాసేపు కూర్చో. వాళ్ళ కథ వినకపోతే మనవాళ్ళ కథ సగమే తెలుస్తుంది. పొద్దున్నే ఎదురైన వాళ్ళకి "బోంజూర్" చెప్పు. నీ యాస తప్పితే వాళ్ళు దిద్దుతారు, దిద్దనీ.

ఇంట్లో చుట్టంలా హాల్లో కూర్చోకు. ధోల్ పురీ చేస్తుంటే వంటింట్లోకి వెళ్ళి పీట ముందు వేసుకో. మన బొబ్బట్టులాగే శనగపప్పు కూరి వత్తుతారు, బెల్లం ఉండదంతే. చేతులు పనిలో ఉన్నప్పుడు వచ్చే మాటలు ఫోను ఎదురుగా పెట్టి అడిగితే రావు. రికార్డు చెయ్యాలంటే ముందు అడుగు, వద్దంటే జేబులో పెట్టెయ్యి. ఒప్పుకుంటే, బయల్దేరేలోగా ఒక కాపీ వాళ్ళ పిల్లల ఫోన్లో వేసిరా. ఆ గొంతు మీ కాలేజీ కంటే ముందు ఆ ఇంట్లో ఉండాలి.

వెళ్ళేలోగా ఒకసారి కోరంగి చూసి వెళ్ళు. కాకినాడ నుంచి యానాం దారిలోనేగా. 1839 తుఫానుకి తుడిచిపెట్టుకుపోయిన రేవు, ఇప్పుడు చూడ్డానికి మడ అడవే. అయినా ఆ నీళ్ళ ఫొటో ఒకటి నీ ఫోన్లో ఉంటే అక్కడ ఎవరైనా అడిగినప్పుడు చూపించొచ్చు. ఈ ఆదివారం పొద్దున్నే వచ్చెయ్యి, పెద్దమ్మ పులిహోర కట్టిస్తానంది. ఇద్దరం ఏడు గంటల బస్సుకి వెళ్దాం.

మీ పెదనాన్న