పెళ్ళి చీర రంగులు

పెళ్ళి కుదిరింది. ముహూర్తానికి నెల రోజులుంది. ఇంట్లో చీరల మాట వచ్చింది.

"నాకు లేత గులాబీ రంగు చీర కావాలమ్మా" అంది పెళ్ళికూతురు.

అవ్వ ఒప్పుకోలేదు. "లేత రంగు కట్టుకొని పీటల మీద కూర్చుంటావా? ఎర్రంచు లేని పెళ్ళిచీర ఎక్కడైనా ఉందా?" అంది.

"ఇప్పుడందరూ అవే కడుతున్నారవ్వా. ఫొటోల్లో బాగా పడతాయి."

తల్లి ఏమీ మాట్లాడలేదు. ఆమె దిగులు వేరు. ముందు రోజే ఒక దుకాణంలో చీర చూసి వచ్చారు. ధర 20,000 రూపాయలు. "నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తాలే" అన్నాడు భర్త. తల్లి సాయంత్రం బడిలో చదువూ లెక్కలూ నేర్చుకుంది. పలక తీసుకొని లెక్క వేసింది.

100 రూపాయలకు నెలకు వడ్డీ 3 రూపాయలు.
20,000 రూపాయలకు నెలకు 600 రూపాయలు.
12 నెలలకు 7,200 రూపాయలు.

అంటే ఏడాది తిరిగేసరికి 20,000 చీర 27,200 అవుతుంది. కట్టేది మాత్రం ఒకే ఒక్క పూట!

మరునాడు ముగ్గురూ ధర్మవరం వెళ్ళారు. అక్కడ తెలిసిన నేతగాడి ఇల్లుంది. ఆయన మగ్గం మీద నుంచి లేచి వచ్చి కూర్చోబెట్టాడు. విషయమంతా విన్నాడు.

"అవ్వ చెప్పిందీ నిజమే, పాప అడిగిందీ తప్పు కాదు. ముందు రంగుల సంగతి తెలుసుకోండి" అన్నాడు.

తెల్లచీర, ఎర్రంచు

చాలా తెలుగు ఇళ్ళలో తాళి కట్టే వేళ పెళ్ళికూతురు మధుపర్కాలు కడుతుంది. అది తెల్లచీర. అంచు ఎర్రగా ఉంటుంది. కొందరు చీరను పసుపు నీళ్ళలో ముంచి ఆరేస్తారు. మధుపర్కం అంటే అసలు తేనె, పెరుగు, నెయ్యి కలిపిన పదార్థం. పెళ్ళికొడుక్కి దాన్ని ఇచ్చి మర్యాద చేస్తారు. ఆ సమయంలో పెట్టే బట్టలకు కూడా అదే పేరు వచ్చింది.

మధుపర్కాలు నూలు చీరైనా చాలు. ఖరీదు తక్కువ. తాళి కట్టే చీరే అన్నిటికన్నా చవక! పెళ్ళికి ఖరీదైన చీర తప్పదని ఏ ఆచారమూ చెప్పలేదు.

ఒక్కొక్క చోట ఒక్కొక్క రంగు

మన దేశంలో పెళ్ళిచీర ఒకే రంగు కాదు. గుజరాత్‌లో పెళ్ళికూతురు తెల్లచీర ఎర్రంచుతో కడుతుంది. దాన్ని పానేతర్ అంటారు. అది మేనమామ పెడతాడు. అత్తవారు పెట్టే ఎర్రచీర పేరు ఘర్‌చోళా. బెంగాల్‌లో ఎర్ర బనారసు చీర కడతారు. కేరళలో మీగడ రంగు బట్టకు బంగారు రంగు అంచు ఉంటుంది. మహారాష్ట్రలో పసుపు, ఆకుపచ్చ రంగులు మంచివని ఎంచుతారు. మన ఊళ్ళలోనే క్రైస్తవుల ఇళ్ళలో పెళ్ళికూతురు చాలావరకు తెల్లచీర కడుతుంది. ముస్లిముల నిఖాలో ఎరుపు ఎక్కువగా కనిపిస్తుంది.

కాబట్టి ఒక రంగు గొప్ప, ఒక రంగు తక్కువ అని లేదు. ఎవరి అలవాటు వారిది.

రంగుల జంటలు

పట్టుచీరలో అందం ఒంటి రంగుది కాదు, జంట రంగులది. ఒడలు ఒక రంగు, అంచు ఇంకొక రంగు. పెద్దలు ఎంచుకున్న జంటలు ఇవి:

మామిడిపండు రంగుకు కుంకుమ ఎరుపు అంచు.
చిలకపచ్చకు మిరపపండు ఎరుపు అంచు.
ఆనందనీలానికి రాణి రంగు అంచు.
వంగపండు రంగుకు పసుపు అంచు.
గంధం రంగుకు ముదురు ఎరుపు అంచు.

ఇవి ఎందుకు నప్పుతాయి? మిరపతోట చూడండి. పచ్చని ఆకుల మధ్య ఎర్రని పండు దూరం నుంచే కనిపిస్తుంది. ఎరుపు పక్కన పచ్చ ఉంటే రెండూ కాంతిగా కనపడతాయి. నేతగాళ్ళు చీరల్లో చేసేదీ అదే.

ధర్మవరం చీరల్లో ఇంకొక విశేషం ఉంది. చీర కదిలితే రంగు మారినట్టు కనిపిస్తుంది. అందులో మాయ ఏమీ లేదు. నిలువు దారాలను పడుగు అంటారు. అడ్డ దారాలను పేక అంటారు. పడుగు నీలం, పేక పచ్చ వేస్తే నెమలికంఠం రంగు వస్తుంది. ఒక పక్క నుంచి చూస్తే నీలం, ఇంకో పక్క నుంచి చూస్తే పచ్చ.

అంచును వేరే రంగులో నేయడం తేలిక కాదు. ఒడలుకు ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు, మొత్తం మూడు నాడెలు ఆడాలి. మగ్గం దగ్గర పక్కన ఇంకొక మనిషి ఉండాలి. కంచిలో ఈ నేతను కొర్వై అంటారు. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచు, కొంగు పట్టు. రెండింటినీ కలిపి నేసే పనిని కుప్పడం అంటారు. పోచంపల్లిలో నేయకముందే దారానికి ముడులు కట్టి రంగులు అద్దుతారు. ఆ నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

"ఒక చీర దిగాలంటే ఇంటిల్లిపాదీ పని చేయాల. ఆసు పోసేది, కండెలు చుట్టేది మా ఆడవాళ్ళే. మరమగ్గం చీరను చేనేత అని అమ్మితే మా కూలి పోతుంది, మీ డబ్బూ పోతుంది" అన్నాడు నేతగాడు.

కొన్ని రకాల చీరలను చేనేతకే వదిలిపెట్టాలని 1985లో చట్టం చేశారు. అయినా మోసం జరుగుతూనే ఉంది. దాన్ని ఆపాలంటే కొనేవాళ్ళకు తెలివి ఉండాలి.

మోసపోకుండా కొనడం ఎలా?

తల్లి సంచిలోంచి ఒక కాగితం తీసింది. దుకాణం వాళ్ళు ధర రాసి ఇచ్చిన చీటీ అది. కూడబలుక్కుని చదివింది. "ఆర్ట్ సిల్కు అని ఉందన్నా. అంటే మంచి పట్టేనా?" అని అడిగింది.

నేతగాడు నవ్వాడు. "అది పట్టే కాదు చెల్లెమ్మా. ఆర్ట్ సిల్కు అంటే కృత్రిమ పట్టు. నువ్వు చదివావు కాబట్టి బయటపడ్డావు."

తర్వాత ఆయన ఈ గుర్తులు చెప్పాడు.

1. సిల్క్ మార్క్ చీటీ ఉంటే అది అసలు పట్టు. ఈ గుర్తు 2004లో వచ్చింది. కాని చేతితో నేశారని ఇది చెప్పదు. మరమగ్గం మీద నేసిన అసలు పట్టుకూ ఈ చీటీ ఉండవచ్చు.

2. హ్యాండ్లూమ్ మార్క్ ఉంటే అది చేతిమగ్గం మీద నేసినది. ఈ గుర్తు 2006లో వచ్చింది. రెండు గుర్తులూ ఉన్నాయో లేవో చూడాలి.

3. చీర చివర వేలాడే దారం ఒకటి తీసి దూరంగా కాల్చాలి. అసలు పట్టైతే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. బూడిద వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి ఉండ కడుతుంది.

4. జరీ గురించి అడగాలి. అసలు జరీలో పట్టు దారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత పూస్తారు. కొన్నిటిలో రాగి తీగ ఉంటుంది. కొన్నిటిలో ఉట్టి ప్లాస్టిక్కే. మూడూ కొత్తలో మెరుస్తాయి. ధర మాత్రం ఒకటి కాదు.

5. బిల్లు తీసుకోవాలి. బట్ట ఏమిటో, జరీ ఏమిటో బిల్లు మీద రాయించాలి. రాసింది చదివాకే డబ్బు ఇవ్వాలి.

పాతచీర, కొత్త సొగసు

చివరికి ముగ్గురూ ఒక మాటకు వచ్చారు. తాళి వేళకు ఎర్రంచు తెల్ల నూలుచీర. అవ్వ మాట నిలిచింది. తలంబ్రాలకు నేతగాడి దగ్గరే లేత గులాబీ పట్టుచీర. దానికి ముదురు ఎరుపు అంచు. పాప కోరిక తీరింది. జరీ తక్కువ కాబట్టి చేతిలో ఉన్న డబ్బులోనే వచ్చింది. అప్పు తప్పింది.

మరి సాయంత్రం విందుకు? అవ్వ ఒక ఉపాయం చెప్పింది. "మీ అమ్మ పెళ్ళిచీర పెట్టెలో ఉంది. చిలకపచ్చ, ఎర్రంచు. అది కట్టుకో."

ఇప్పుడు చాలామంది ఇలాగే చేస్తున్నారు. చీర పాతదే, రవిక కొత్తది. మునుపు రవిక అంచు రంగులో ఉండేది. ఇప్పుడు వేరే రంగు వేసి, చేతులకు మగ్గం పని చేయిస్తున్నారు. కుచ్చిళ్ళు ముందే ఇస్త్రీ చేయించి పెట్టుకుంటున్నారు. చీర మీద వడ్డాణం పెడితే నడుము దగ్గర చెదరదు. కొంగు బాగున్నా ఒడలు చిరిగితే, ఆ అంచులతో లంగా ఓణీ కుట్టిస్తున్నారు.

ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. చీర అంచు పెద్దదైతే రవిక మీద పని తక్కువ ఉండాలి. చీర సాదాగా ఉంటే రవిక మీద పని ఎక్కువైనా నప్పుతుంది. రెండూ ఎక్కువైతే ఏదీ కంటికి ఆనదు.

పట్టుచీరను దాచేటప్పుడు నూలుగుడ్డలో చుట్టాలి. ప్లాస్టిక్ సంచిలో పెట్టకూడదు. అప్పుడప్పుడు తీసి మడత మార్చాలి. ఒకే మడత మీద ఉంటే జరీ అక్కడే విరుగుతుంది. ఎండలో ఆరేయకూడదు, నీడలో ఆరేయాలి.

గుర్తుంచుకోండి

చీర మనిషికి అందం ఇవ్వాలి, అప్పు ఇవ్వకూడదు. చదివి కొంటే మన డబ్బు నిలుస్తుంది. చేనేత కొంటే నేతగాడి ఇల్లు నిలుస్తుంది.

కొత్త మాటలు

పడుగు - మగ్గం మీద నిలువు దారాలు
పేక - అడ్డ దారాలు
నాడె - పేక దారాన్ని అటూ ఇటూ మోసే సాధనం
ఒడలు - అంచు, కొంగు కాక మిగిలిన చీర భాగం
మరమగ్గం - కరెంటుతో నడిచే మగ్గం

చెప్పండి

1. మధుపర్కాలు ఏ రంగులో ఉంటాయి?
2. నెమలికంఠం రంగు ఎలా వస్తుంది?
3. సిల్క్ మార్క్‌కు, హ్యాండ్లూమ్ మార్క్‌కు తేడా ఏమిటి?
4. దుకాణం చీటీ చదవకపోతే తల్లికి ఏం నష్టం జరిగేది?

లెక్క చేయండి

ఒక చీర కోసం 8,000 రూపాయలు నూటికి 2 రూపాయల వడ్డీకి తెచ్చారు. ఏడాదికి వడ్డీ ఎంత? అసలుతో కలిపి ఎంత కట్టాలి?

చేసి చూడండి

మీ ఇంట్లో పాత పెళ్ళిచీర ఉంటే తీసి చూడండి. ఒడలు, అంచు, కొంగు ఏ రంగులో ఉన్నాయో మీ పుస్తకంలో రాయండి. ఆ చీర ఎక్కడ కొన్నారో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, అది కూడా రాయండి.