కత్తెర పురుగు జన్యు మూలాలు – నెల్లూరు వరి సాగులో వాటి ప్రాధాన్యం

కత్తెర పురుగు (స్పొడాప్టెరా ఫ్రూజిపెర్డా) అమెరికా ఖండాలకు చెందిన కీటకం. ఇది ఆఫ్రికాలో 2016లోను, భారతదేశంలో 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ వద్దను తొలిసారిగా గుర్తించబడింది. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్ మొక్కజొన్న పొలాలకు వ్యాపించింది. పైకి ఒకే విధంగా కనిపించే రెండు తెగలు ఇందులో ఉన్నాయి. మొక్కజొన్న తెగ మొక్కజొన్న, జొన్న పైరులను, వరి తెగ వరిని, గడ్డి జాతులను అధికంగా ఆశిస్తాయి. పెన్నా డెల్టాలో వరి ప్రధాన పంట కావడం వలన, దేశంలో ప్రవేశించినది ఏ తెగ అన్న ప్రశ్న నెల్లూరు తీర ప్రాంతానికి కీలకమైనది.

తెగల నిర్ధారణ

ఇందుకు రెండు జన్యువులు ఉపకరిస్తాయి. మైటోకాండ్రియాలోని సి.ఓ.ఐ. జన్యువు తల్లి నుంచి మాత్రమే సంక్రమిస్తుంది. జెడ్ క్రోమోజోముపై గల టి.పి.ఐ. జన్యువు మగ సంతతికి తల్లిదండ్రులిద్దరి నుంచి, ఆడ సంతతికి తండ్రి నుంచి లభిస్తుంది. తెగల మధ్య సంకరణ జరిగినచో ఈ రెండు జన్యువులు వేర్వేరు తెగలను సూచించవచ్చు.

ఫలితాలు – చర్చ

ఆఫ్రికా, భారతదేశాలలో సేకరించిన అనేక నమూనాలలో సి.ఓ.ఐ. వరి తెగను సూచించింది. అయితే అవే నమూనాలలో టి.పి.ఐ. అత్యధికంగా మొక్కజొన్న తెగకు చెందినదిగా తేలింది. పురుగు ప్రధానంగా మొక్కజొన్నపైనే కనిపించడం రెండవ ఫలితంతో ఏకీభవిస్తుంది. కావున సి.ఓ.ఐ. ఒక్కదాని ఆధారంగా వరికి ముప్పు ఉన్నదని నిర్ణయించరాదు.

మొక్కజొన్న తెగ సి.ఓ.ఐ.లోని హెచ్4 రూపం ఫ్లోరిడా, కరీబియన్ ప్రాంతాలలో అధికం. ఆఫ్రికా, భారతదేశాలలోనూ ఇదే రూపం లభించడంతో మూలస్థానం ఆ ప్రాంతమని భావించారు. భారత, దక్షిణాఫ్రికా పురుగులు ఒకే మూలానికి చెందినవని 2019లో ప్రచురితమైన అధ్యయనం సూచించింది. 2022 నాటి సమగ్ర జీనోమ్ విశ్లేషణ మాత్రం పురుగు పలుమార్లు ప్రవేశించినట్లు సూచించింది. అనగా కొత్త తెగ ప్రవేశానికి అవకాశం ఇంకా ఉన్నది.

విస్తరణ సిబ్బందికి సూచనలు

• వరిలో అనుమానాస్పద లద్దె పురుగు కనిపించినచో, తలపై తలకిందులైన ‘వై’ గుర్తును, ఎనిమిదవ ఉదర ఖండంపై చతురస్రాకారంలోని నాలుగు నల్లని చుక్కలను పరిశీలించాలి.
• నమూనాలను 95 శాతం ఆల్కహాలులో భద్రపరచాలి. ఫార్మలిన్ డి.ఎన్.ఏ.ను దెబ్బతీస్తుంది కనుక వాడరాదు.
• పంట, గ్రామం, సేకరణ తేదీ వివరాలను ప్రతి సీసాపై నమోదు చేయాలి.
• ప్రయోగశాలలో రెండు జన్యువులనూ పరీక్షించవలసిందిగా కోరాలి.

ఒకే జన్యువుపై ఆధారపడినచో వరి రైతు అనవసరంగా పురుగుమందు పిచికారీ చేయవలసి రావచ్చు. నిఘా కొరవడినచో నిజమైన వరి తెగ ప్రవేశం గుర్తింపునకు రాకుండా పోవచ్చు. రెండు జన్యువుల పరీక్షతో కూడిన నిరంతర నిఘా ఈ రెండు నష్టాలనూ నివారించగలదు.