వేసవి వాతావరణ సూచన

బరంపురము, గోపాలపురము ప్రాంతములకు వేసవిలో ఒకే దినమున ఎండ హెచ్చరికయు, పిడుగుల హెచ్చరికయు వచ్చుట చూచి మనలో కొందరు నవ్వుదురు. ఇందు నవ్వదగినదేమియు లేదు. మధ్యాహ్నమునకు నేల కాగి, దానిపై గాలి పైకి లేచును. సముద్రము నుండి తేమగాలి వచ్చి అందు కలియును. ఆ తేమయే సాయంకాలమునకు ఉరుముల మేఘమగును. ఒడియావారు కాలబైశాఖి యనునది ఇదియే.

మైదానములలో 40 డిగ్రీలైనను లేనిదే వాతావరణ శాఖ వడగాడ్పుగా నెంచదు. తీరమున 37 డిగ్రీలే చాలును. అయితే సాధారణముగా రెండుచోట్లను వేడిమి మామూలుకంటె 4.5 డిగ్రీలైనను హెచ్చియుండవలెను. తేమగాలిలో చెమట ఆరదు గదా! కావున మనకు 37 తక్కువ యెండ కాదు.

హెచ్చరిక పసుపురంగైనచో కనిపెట్టియుండవలెను; నారింజయైనచో సిద్ధపడవలెను; ఎరుపైనచో వెంటనే జాగ్రత్త చేయవలెను. పిడుగు విషయమున మాత్రము రంగుకొరకు చూడరాదు. ఉరుము వినబడగానే పొలమును, చెట్టునీడను విడిచి పక్కా ఇంటిలోనికి పోవలెను.

సముద్రపు సూచనను వేరుగా చదువుదము. దానిని హైదరాబాదులోని జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రము ప్రకటించును. దక్షిణ హిందూమహాసముద్రమున ఎక్కడో తుపానుగాలికి లేచిన అలలు కొన్ని దినములకు మన తీరమును తాకవచ్చును. అప్పుడిచ్చట ఆకాశము నిర్మలముగనే యుండును, గాలియు ఉండకపోవచ్చును. అలల హెచ్చరిక యున్న దినమున గోపాలపురమున స్నానమునకు దిగరాదు.