నెలల ఫైళ్లన్నీ ఒకే చోటికి

ప్రశ్న: మా షాపు అమ్మకాల సీఎస్‌వీ ఫైళ్లు నెలకొకటి చొప్పున ఉన్నాయి. కోడ్‌తో అన్నిటినీ ఒకే ఫైలుగా కలపడం ఎలాగండీ?

జవాబు: పైథాన్‌లో పాండాస్ లైబ్రరీ చాలు. పైథాన్‌లోని గ్లాబ్ మాడ్యూల్‌తో ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లు తీసుకుని, ఒక్కోదాన్నీ చదివి జాబితాలో చేర్చి, చివర్లో పాండాస్‌లోని కాన్‌క్యాట్‌తో ఒక్కసారే కలపండి. లూప్‌లో ప్రతిసారీ కలుపుతూ పోతే పాత డేటా మళ్లీ మళ్లీ కాపీ అయి పని నెమ్మదిస్తుంది.

కాలమ్‌లు పేర్లను బట్టే కలుస్తాయి. ఒక నెలలో ‘ధర’, మరో నెలలో ‘రేటు’ అని ఉంటే రెండు వేర్వేరు కాలమ్‌లై గడులు ఖాళీగా మిగులుతాయి. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. కాబట్టి ముందు పేర్లు సరిచేయండి. తెలుగు అక్షరాలు ఎక్సెల్‌లో చెడకుండా ‘యూటీఎఫ్-8-సిగ్’ ఎన్‌కోడింగ్‌తో సేవ్ చేయండి.

కలిపిన ఫైలును మాత్రం వేరే ఫోల్డర్‌లో పెట్టండి. నెలల ఫైళ్లున్న ఫోల్డర్‌లోనే ఉంచితే, రెండోసారి కోడ్ నడిపినప్పుడు అదీ కలిసిపోయి అమ్మకాలు రెట్టింపుగా కనిపిస్తాయి.