పసిబిడ్డల బడి - పలుయిండ్ల పలుకు

మూడేండ్ల బిడ్డ తొలిసారి బడికి వచ్చునపుడు వట్టిచేతులతో రాడు. తల్లి పిలుచు పేరును, ఇంటి పలుకులును, వంటయింటి రుచులును, అవ్వ చెప్పిన కథలును వెంట తెచ్చును. ఈ సంపద ఇంటింటికిని వేరుగా నుండును. బడి దానిని ఆదరించినచో బిడ్డ నోరు విప్పును. నిరాకరించినచో మౌనము వహించును. పసివారికి బోధించువారు మొదట గ్రహింపవలసిన విషయ మిదియే.

ఒక ఉదాహరణమును చూతము. తెలుగు బిడ్డ "నీరు" అనును. కన్నడ బిడ్డయు "నీరు" అనియే యనును. తమిళ బిడ్డ "తణ్ణీర్" అనును. ఈ మూడును ద్రావిడ భాషలగుటచే ఒకరి మాట మరియొకరికి కొంతవరకైన అందును. కాని శ్రీకాకుళము, పార్వతీపురము ప్రాంతపు కొండలలో నివసించు సవరల భాష ముండా శాఖకు చెందినది. తెలుగు వినియెరుగని సవర బిడ్డకు బడిలోని మాటలయందు ఆధారమే దొరకదు. అట్టి బిడ్డ పలుకకున్నచో మందబుద్ధి యని తలచుట అన్యాయము. ఆ మాట పడిన బిడ్డ బడినే విడిచిపోవచ్చును. లేదా బడియందు నిలిచి, తన తల్లి భాషను చూచి సిగ్గుపడుట నేర్చుకొనవచ్చును. రెండును నష్టములే.

ఈ కష్టమును గుర్తించిన వారిలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863-1940) అగ్రగణ్యులు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నున్న వీరు సవరభాషను శ్రమించి నేర్చి, ఆ భాషలో వాచకములు రచించి, సవరపిల్లలకొరకు సొంత వ్యయముతో బడులు నడపిరి. 1931లో వీరి సవర వ్యాకరణము వెలువడెను. చాలకాలము పిమ్మట, 2004లో, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవర, కోయ, కువి, కొండ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా అను ఎనిమిది భాషలలో ప్రాథమిక బోధనకు పూనుకొనెను. మొదట ఇంటిభాషతో ఆరంభించి, క్రమముగా తెలుగు నేర్పుట దాని పద్ధతి.

ఇతర దేశములందును ఇట్టి యత్నములు జరిగినవి. న్యూజీలాండులో మావోరీ జనుల భాష క్షీణించుచుండగా, 1982లో "కోహంగా రేఓ", అనగా భాషాగూడు, అను శిశుశాలలు వెలసినవి. అచ్చట పెద్దలు పసివారితో మావోరీ భాషనే మాటలాడుదురు. 1996లో ఆ దేశ ప్రభుత్వము ప్రకటించిన శిశువిద్యా ప్రణాళికకు "తే ఫారికి" అని పేరు. అల్లిన చాప యని దాని యర్థము. పలుపోచలు కలిసినగాని చాప కాదుగదా!

మన దేశమున 1975 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన పథకమువలన అంగన్‌వాడీలు ఏర్పడినవి. అట్టి చోట్ల చేయదగిన పనులకు గొప్ప వ్యయము అక్కరలేదు. మొదటిది, ప్రతిబిడ్డ పేరును తల్లి పలికినట్లే పలుకుట. రెండవది, నీరు, అన్నము, ఆకలి, నొప్పి మొదలగు నిత్యపు మాటలను బిడ్డల ఇంటిభాషలలో ఉపాధ్యాయిని నేర్చుకొనుట. మూడవది, అవ్వలను తాతలను పిలిచి వారి భాషలోనే కథలు చెప్పించుట. నాలుగవది, సంక్రాంతి, రంజాను, క్రిస్మసు మొదలగు పండుగలను ఆయా యిండ్లవారి నోటనే వినుట.

ఇందొక జాగ్రత్త యవసరము. ఏడాదికొక దినమున బిడ్డలకు వేషములు వేసి ఊరేగించి, తక్కిన దినములందు వారి భాషను మరచినచో ఫలములేదు. ఒక బిడ్డను నలుగురియెదుట నిలిపి, "మీ యింట ఏమి తిందురు?" అని వింతగా ప్రశ్నించుటయు తగదు. జొన్నరొట్టెయు, అంబలియు, సేమ్యాయు అందరి పలుకులలో సహజముగా దొరలవలెను.

విద్యార్థులారా! మీ తమ్ములును చెల్లెండ్రును చిన్నబడులలో చదువుచున్నారు. వారి తోడిబిడ్డలలో వేరుభాష పలుకు పసివానిని చూచి ఎవరైన నవ్వినచో వారించుడు. వాని భాషలో ఒక్కమాటనైన నేర్చి వానిని పలుకరింపుడు. తల్లిదండ్రులారా! ఇంటి పలుకును బిడ్డలయెదుట చిన్నచేయకుడు. తన మాటకు గౌరవము దొరకిన బిడ్డయే పరుల మాటను గౌరవించుట నేర్చును.