సముద్రపు అడుగున భోజన పంక్తి

బ్రిటనులోని చేపల దుకాణాలలో విసనకర్రలా విప్పారిన చేప రెక్కలను చూచారా? అవి స్కేటు చేప రెక్కలు. ఆంధ్ర తీరపు జాలరులు పట్టే టేకు చేపకు స్కేటు దగ్గర చుట్టం. రెండింటి శరీరమూ చేటలాగా చదునుగా ఉంటుంది.

స్కేటుకు కన్నులు పైవైపున, నోరు పొట్టవైపున ఉంటాయి. తన నోటి దగ్గర ఏమున్నదో అది చూడలేదు. మరి ఆహారం ఎలా దొరుకుతుంది? వాసనను పసికడుతుంది. అంతేకాదు, ప్రాణుల శరీరం నుండి అతి స్వల్పమైన విద్యుత్తు వెలువడుతుంది. ఇసుకలో దాగిన చేపను ఆ విద్యుత్తునుబట్టి స్కేటు కనిపెడుతుందని 1971లో కాల్మైన్ అనే శాస్త్రజ్ఞుడు నిరూపించాడు.

బ్రిటనుకు, ఐర్లండుకు నడుమ ఐరిష్ సముద్రం ఉన్నది. అక్కడ పలు జాతుల స్కేట్లు కలసి బ్రతుకుతాయి. ఆహారం కోసం వాటికి తగవు రాదా?

పెళ్లి పంక్తిలో అందరి విస్తళ్లలోనూ ఒకే వంటకాలుంటాయి. ఇక్కడ అలా కాదు. పిల్ల స్కేట్లు చిన్న రొయ్యలవంటి వాటిని తింటాయి. ఎదిగినకొద్దీ దారులు వేరవుతాయి. ముళ్ల వీపు గల థార్న్‌బ్యాక్ పీతలను నలిపి తింటుంది. కుకూ జాతి పురుగులను, చిన్న చేపలను ఏరుకుంటుంది. బ్లాండ్ జాతి పెద్దదయ్యాక ఎక్కువగా చేపలనే వేటాడుతుంది. అందువల్ల పోటీ తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఈ పంక్తిలో అన్నిటికంటె పెద్దది కామన్ స్కేటు. అది రెండు మీటర్లకు మించి పెరుగుతుంది. గుడ్లు పెట్టే వయసు రావడానికి పదేళ్లకు పైగా పడుతుంది. ఆలోపుననే ఎన్నో వలలో చిక్కేవి. ఐరిష్ సముద్రంలో అది కనుమరుగైనదని 1981లో శాస్త్రజ్ఞులు తెలిపారు. చిన్న జాతులు కొన్ని మాత్రం పెరిగాయి. పెద్దచేప తినే ఆహారం వాటికి మిగలడం ఒక కారణం కావచ్చును.

అన్ని జాతులనూ ‘స్కేటు’ అనే ఒకే పేరుతో అమ్మడంవల్ల ఈ లోటు చాలాకాలం ఎవరి కంటా పడలేదు. 2009 నుండి కామన్ స్కేటును పట్టి ఒడ్డుకు తేవడం నిషిద్ధం. దేనిని కాపాడాలన్నా, ముందు దానిని దాని పేరుతో గుర్తించాలి.

ప్రశ్నలు
1. ఇసుకలో దాగిన చేపను స్కేటు ఎలా కనిపెడుతుంది?
2. ఎదిగిన థార్న్‌బ్యాక్, బ్లాండ్ జాతులు ఏమేమి తింటాయి?
3. కామన్ స్కేటు తగ్గిపోవడం ఎందుకు చాలాకాలం తెలియలేదు?